గుత్తి, గండికోట, అహోబిలం: ఏప్రిల్, మే నెలల్లో కొండ మీద వాతావరణం ఎట్లుంటుంది?

గుత్తిరోడ్డు:
ఆరుమందిమి. ఏప్రిల్ ఆఖరి వారం నుంచి మే మధ్య దాకా ఆదివారాల్లో మూడు చోట్లకు పోవాలని ఉంది: గుత్తి కోట, గండికోట, ఎగువ అహోబిలం నుంచి ఉగ్రస్తంభం. ఫోన్లో గుత్తికి 41 అని చూపిస్తాంది. కొండ పైన ఎంతుంటుంది? ఎన్నింటికి ఎక్కడం మొదలుపెట్టాల, ఎన్నింటికల్లా దిగాల? మధ్యాహ్నం మబ్బేస్తే చల్లగుంటుంది కదా, అప్పుడు ఎక్కొచ్చా? తలకు రెండు లీటర్ల నీళ్లు చాలునా? "ఎండల్లో ఎందుకబ్బా, డిసెంబర్లో పోండి" అనే సలహా ఒక్కటి తప్ప ఏం చెప్పినా వింటాం.

మేఘమాల:
ఆ 41 ఎక్కడిదో ముందు చూడండి. యాప్‌లో వచ్చేది చాలావరకు కంప్యూటర్ మోడల్ అంచనా. పది, ఇరవై కిలోమీటర్ల గడికంతా ఒకే అంకె. ఆ గడిలో గుత్తి ఊరు, చేలు, రైలు కట్ట, కోట కొండ అన్నీ కలిసిపోతాయి. ఒకవేళ వాతావరణ కేంద్రంలో కొలిచిన అంకే అయినా, అది నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నీడలో కొలిచిన గాలి వేడి. మీరు నడిచేది ఎండలో, బండ మీద.

ఇక ఎత్తు లెక్క. మధ్యాహ్నం పూట పొడిగాలి బాగా కలిసిపోయి ఉన్నప్పుడు కిలోమీటరు ఎత్తుకు 9.8 డిగ్రీలు తగ్గుతుంది. పుస్తకాల్లో ఇచ్చే 6.5 సగటు లెక్క. గుత్తి కొండ చుట్టూ ఉన్న నేలకంటే సుమారు 300 మీటర్లు ఎత్తు. అంటే తగ్గేది రెండు, మహా అయితే మూడు డిగ్రీలు. 41 కాస్తా 38 అవుతుంది, అంతే. హార్స్‌లీ కొండల మీద తేడా తెలిసేది మదనపల్లె కంటే 500 మీటర్లకు పైగా ఎత్తుండబట్టి, చెట్లుండబట్టి. గుత్తిలో, పెనుకొండలో, గండికోటలో ఆ ఆశ పెట్టుకోవద్దు.

కడప వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట. కడప సముద్ర మట్టానికి దాదాపు 140 మీటర్లే, అనంతపురం 340 ప్రాంతం. ఆ 200 మీటర్ల పల్లం, పైగా చుట్టూ కొండలు. అందుకే మేలో కడప అంకె అనంతపురం కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే కనిపిస్తుంటుంది. కడప అంకె చూసి గండికోటకు, అనంతపురం అంకె చూసి కడప దగ్గరి లంకమల కొండలకు లెక్కేసుకోకూడదు.

రాయదుర్గం గాలి:
ఆ మూడు డిగ్రీలు కూడా బండరాయి మింగేస్తుంది. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ అన్నీ గ్రానైట్ గుండ్లు. గాలి 40 దగ్గరుంటే ఎండ తగిలే బండ పైభాగం 50 దాటడం మామూలే. పైనుంచి ఎండ, కింద నుంచి బండ సెగ, రెండూ ఒకేసారి. పైగా రాయి నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. సాయంత్రం 6కి గాలి 36కి దిగినా పడమటి ముఖం గుండ్ల పక్కన నడుస్తుంటే మొహానికి సెగ కొడుతూనే ఉంటుంది. అందుకే "సాయంత్రం 4కి ఎక్కుదాం" కంటే తెల్లవారుజామే మేలు. రాత్రంతా చల్లారిన రాయి మీద మొదలుపెడతారు.

నీడ గురించి చాలామంది మరిచిపోయేది ఒకటుంది. అనంతపురం, కడపల్లో ఏప్రిల్ 29, 30 ప్రాంతంలో, గుత్తిలో మే 1, 2కి, కర్నూలులో మే 4 దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గడియారంలో అది 12:10, 12:20 మధ్య. ఆ రోజుల్లో 11 నుంచి 1:30 దాకా కోట గోడ పక్కన, గుండు పక్కన నీడ పెద్దగా పడదు. జనవరిలో పోయినప్పుడు నీడ ఉన్న చోటు మేలో ఉంటుందని ప్లాన్ వేసుకోవద్దు. పైకప్పున్నదే నీడ.

టైము: మే మొదట్లో గుత్తిలో పొద్దు పొడిచేది 5:50 ప్రాంతం. 5:30కే దారి కనిపించేంత వెలుతురు వస్తుంది. 5:30కి మొదటి మెట్టు, 8కి పైన, 9:30కల్లా మళ్లీ కింద. పైన ఇంకా చూడాల్సినవి మిగిలినా సరే, 8:30కి వెనక్కి తిరగాల. ఎక్కేటప్పుడు టైము తప్పితే దిగేటప్పుడు కాళ్లు వణికే వేళకి బండ కాలుతుంటుంది.

కొండారెడ్డి_బురుజు:
ఇంత భయపెట్టాల్సిన పనేముంది? పొడి ఎండ ఒంటికి పట్టదు. 41లో కూడా నీడలో కూచుంటే ఆరిపోతాం. నన్నడిగితే సాయంత్రం వాన పడిన మర్నాడు పోండి. 36 దాటదు, హాయిగా ఉంటుంది.

మేఘమాల:
అన్నా, సగం ఒప్పుకుంటా. వాన మర్నాడు తెల్లవారుజాము నిజంగానే బాగుంటుంది, 7:30 దాకా. ఆ తర్వాతే అసలు మోసం. తడిసిన నేల మీద ఎండ పడితే ఆవిరంతా గాల్లోకే లేస్తుంది. రెండు రోజులు పోల్చి చూడండి. గాలి 42, తేమ 15 శాతం ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22 దగ్గర చూపిస్తుంది. గాలి 36, తేమ 55 శాతం ఉంటే అదే థర్మామీటరు 28 దాటుతుంది. ఒళ్లు చల్లారేది చెమట ఆరితేనే. రెండో రోజు చెమట కారుతుంది గానీ ఆరదు. యాప్‌లో 36 చూసి "ఈరోజు చల్లగా ఉంది" అని అదే వేగంతో ఎక్కేవాళ్లే ఎక్కువగా కూలబడతారు.

42 రోజుకు దాని కష్టం దానికుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది, కారినట్టు తెలియదు. నీళ్లు ఎంత పోయిందీ తెలియక తాగరు. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అప్పటికే ఆలస్యమైందని లెక్క.

అందుకే నేను అంకె ఒక్కటే చూడను, పక్కన తేమ కూడా చూస్తాను. 36, 37 ఉండి తేమ 50 పైన ఉంటే అనుకున్న టైము కంటే అరగంట ముందే వెనక్కి తిరగండి.

ఓఆర్‌ఎస్ అక్క:
నీళ్ల ప్రశ్నకు జవాబు. రెండు లీటర్లు చాలవు. ఎక్కేటప్పుడు గంటకు ముప్పావు లీటరు, ఎండ ముదిరాక లీటరు దాకా. గుత్తికి నాలుగు గంటల నడకంటే మూడు లీటర్లు, ఇంకో లీటరు ముట్టకుండా దాచాలి. అహోబిలానికి తలకు ఐదు. ఒకేసారి గటగట తాగితే కడుపు ఊగుతుంది, వాంతి వస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు. గంటకు లీటరున్నర దాటి మాత్రం ఎప్పుడూ తాగొద్దు. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక, చేతి వేళ్లు ఉబ్బడం. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది, దానికి ఇంకా నీళ్లు పడితే ప్రాణం మీదికొస్తుంది. "ఎంత తాగావు, ఏం తిన్నావు, ఒంటికి పోయావా" అని అడిగితేనే తేడా తెలుస్తుంది.

కాబట్టి మూడింట ఒక వంతు నీళ్లు ఓఆర్‌ఎస్ అయి ఉండాలి. పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరుకే. సగం ప్యాకెట్ సీసాలో, సగం జేబులో పెట్టుకునే లెక్కలొద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, గీసినట్టు సమానంగా, గోపురం కట్టి కాదు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే, కానీ 9 దాటితే ఆ ఎండకు పులిసిపోతుంది, ముందే తాగేయండి. రాత్రి ముప్పావు వంతు నింపి ఫ్రీజర్లో గడ్డ కట్టించిన సీసా ఒకటి బ్యాగు మధ్యలో, తువ్వాలు చుట్టి పెట్టుకోండి. తాగడానికి కాదు, ఎవరైనా పడిపోతే అక్కరకొస్తుంది.

వడదెబ్బ గుర్తు చెమట ఆగిపోవడమే అని అనుకుంటారు. నడుస్తూ పడిపోయిన మనిషికి చెమట ధారగా పోస్తూ కూడా ఉండొచ్చు. చూడాల్సింది మాట. ఇవాళ ఏ వారం, మనమెక్కడున్నాం అంటే తడబడితే, అడుగు తూలితే, ఊరికే కసురుకుంటే అది వడదెబ్బే అనుకుని పని మొదలుపెట్టండి. ముందు చల్లార్చాలి, తర్వాతే మోయాలి. నీడకు చేర్చి, బూట్లు, చొక్కా తీసి, ఒళ్లంతా తడిపి ఇద్దరు ఆపకుండా విసరాలి. మన పొడిగాలికి ఇది గట్టిగా పనిచేస్తుంది. గడ్డ సీసా మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో మార్చి మార్చి పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో చుక్క నీరు పోయొద్దు. పారాసెట్మాల్ వేయొద్దు, ఇది ఆ రకం జ్వరం కాదు. 108కి ఫోన్ ఒకరు చేస్తుంటే మిగిలినవాళ్లు విసురుతూనే ఉండాలి.

గుత్తిరోడ్డు:
అక్కా, చానా థాంక్స్. మబ్బు సంగతి ఎవరూ చెప్పలా. గండికోటలో మధ్యాహ్నం మబ్బు పడితే లోయ అంచున కూచోవచ్చా?

పెన్నా_ఒడ్డు:
వద్దు తమ్ముడూ. మేలో మధ్యాహ్నం వచ్చే మబ్బు నీడ కోసం వచ్చేది కాదు. పొద్దున 10కి ఆకాశం తేటగా ఉంటుంది. 12, 1 మధ్య పడమట, నైరుతిలో చిన్న తెల్ల మబ్బులు లేస్తాయి. వాటిలో ఒకటి కాలీఫ్లవర్‌లా పైపైకి పొంగుతా పోతుంటే గమనించండి. అంచులు గట్టిగా కనిపించినంత సేపు ఇంకా పెరుగుతోందని అర్థం. పైభాగం చదునై, పీచులా ఒక పక్కకు సాగిందంటే అది ముదిరిన క్యుములోనింబస్ (పిడుగుల మబ్బు), ఉరుములు మొదలైనట్టే. మన దగ్గర ఎక్కువగా 3 నుంచి 8 లోపల పడతాయి.

వాన కంటే ముందు గాలి వస్తుంది. అప్పటిదాకా కొడుతున్న వేడిగాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, పది నిమిషాలు ఉక్కపోత. ఆ వెంటనే ఎదురు దిక్కు నుంచి చల్లటి ఈదురుగాలి, ముందు ఎర్రటి దుమ్ము గోడ. వానతో పాటు పైనుంచి దిగిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ వచ్చేదే అది. గంటకు 50, 60 కిలోమీటర్లు తేలిగ్గా ఉంటుంది. గండికోట అంచున బండల మీద ఫోటో కోసం నిలబడినోడికి అది వెనక నుంచి తగిలిందా, చెప్పేదేముంది. దుమ్ము కనిపించగానే అంచుకు కనీసం ఇరవై అడుగుల వెనక్కి. టోపీ ఎగిరిపోతే పోనీండి.

పిడుగు లెక్క తెలిసిందే: మెరుపు కనిపించాక సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే, అంటే పది కిలోమీటర్ల లోపలుంటే, కొండ మీద మీకు పని లేదు. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. వాన తగ్గింది కదా అని వచ్చేవాళ్లకే ఎక్కువ ప్రమాదం, మబ్బు వెనక అంచు నుంచి కూడా పిడుగు పడుతుంది.

కొండారెడ్డి_బురుజు:
గుత్తిలో అయితే పైన మంటపాలున్నాయి కదా, వాన తగ్గేదాకా అందులో నిలబడొచ్చు.

పెన్నా_ఒడ్డు:
అదే చేయకూడదన్నా. మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే చోటని చూపించే మంటపం ఉంది కదా, అది కొండ కొసన, నాలుగు పక్కలా తెరిచి ఉంటుంది. వాన నుంచి కాపాడుతుంది, పిడుగు నుంచి కాదు. ఎత్తులో ఒంటరిగా నిలబడిందే పిడుగుకు దారి. ఒంటి చెట్టు, ధ్వజస్తంభం, సెల్ టవర్, బురుజు మీది జెండా కర్ర, అన్నీ అంతే. గుండ్ల కింద లోతు లేని సందుల్లో దూరడం ఇంకా చెడ్డది, బండ మీద పారే కరెంటు ఆ సందు దాటడానికి మీ ఒంటినే దారి చేసుకుంటుంది.

వైరింగ్, నల్లా పైపులున్న పక్కా ఇల్లు, లేదా అద్దాలు మూసిన కారు. నమ్మదగ్గవి ఈ రెండే. గండికోటలో కారు దగ్గరికి పరుగెత్తే దూరమే. గుత్తిలో పైనున్నప్పుడు దొరికిపోతే శిఖరం వదిలి మెట్ల దారిలో పల్లానికి దిగుతూ ఉండండి. గుంపుగా వద్దు, మనిషికి మనిషికి 15, 20 మీటర్ల ఎడం. ఒకరికి తగిలినా లేపడానికి మిగిలినవాళ్లుంటారు. తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనేది అబద్ధం. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మేఘమాల:
ముందే కనిపెట్టడం ఎట్లో కూడా చెబుతా. ముందురోజు సాయంత్రం వాతావరణ శాఖ జిల్లాల సూచన చూడండి. అందులో విదర్భ నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో దక్షిణ తమిళనాడు దాకా "ద్రోణి" (గాలి ఒత్తిడి తక్కువున్న పొడవాటి పట్టీ) అనే మాట, "ఉరుములు మెరుపులతో" అనే మాట కలిసి కనిపిస్తే మధ్యాహ్నం ప్లాన్ ఏదున్నా తీసేయండి. బంగాళాఖాతం తేమ నెల్లూరు వైపు నుంచి వెలిగొండలు దాటి వస్తుంది, పడమట నుంచి పొడి వేడిగాలి. ఆ రెండూ కలిసే గీత రాయలసీమ మీద పడిన రోజు మబ్బులు పేరుస్తాయి. గీత తూర్పుకు జరిగితే కడప, అన్నమయ్య వైపు; పడమటికి జరిగితే అనంతపురం, బళ్లారి వైపు.

రాడార్ బొమ్మ చూసేవాళ్లకు హెచ్చరిక. కడపకు దగ్గరలో ఉన్నవి శ్రీహరికోట, చెన్నై రాడార్లు, కర్నూలుకు హైదరాబాద్. దాదాపు 200 కిలోమీటర్ల దూరం. భూమి వంపు వల్ల అంత దూరంలో రాడార్ కిరణం నేలకు 4 కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. కాబట్టి ఇప్పుడే పుడుతున్న మబ్బు అందులో కనిపించదు. బొమ్మ ఖాళీగా ఉంటే మబ్బు లేదని కాదు. ఉపగ్రహ చిత్రం అరగంటకోసారి మారుతుంది, దాన్ని పక్కన పెట్టి చూడండి. దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపల పడ్డ పిడుగులు చూపిస్తుంది. విపత్తుల సంస్థ ఎస్సెమ్మెస్‌లు మండలాల పేర్లతో వస్తాయి, పక్క మండలం పేరున్నా మీదే అనుకోండి. కొండల్లో సిగ్నల్ ఉండదు గనుక కింద ఒకరు చూస్తూ ఫోన్ చేయడం కంటే, పైనున్నవాళ్లు పడమర చూస్తూ ఉండటమే నికరం.

నల్లమల దారి:
అహోబిలం సంగతి వేరు, పై రెండింటితో కలపొద్దు. ఇది అడవి. పులుల అభయారణ్యం నియమాలుంటాయి, ఎండాకాలంలో మంటల భయానికి దారులు మూసే రోజులుంటాయి. దిగువ అహోబిలంలోనే అటవీ శాఖవాళ్లను అడిగి, అక్కడివాళ్లను తోడు తీసుకునే కదలండి.

మ్యాప్‌లో పచ్చగా ఉందని నీడ ఉంటుందనుకోవద్దు. ఏప్రిల్లో చెట్లు ఆకు రాల్చి కట్టెల్లా నిలబడి ఉంటాయి. నీడ వాగు పక్కన మాత్రమే. లోయలో గాలి ఆడదు, అందుకే గుత్తి మీద 38 కంటే ఇక్కడ 36 ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఉగ్రస్తంభం దారిలో చాలా దూరం భవనాశిని వాగు రాళ్లలోనే. ఎగువన ఎక్కడో గంట వాన పడితే మీ నెత్తిన ఎండ కాస్తుండగానే నీళ్లు రావచ్చు. వాగు నీరు ఎర్రబారినా, ఆకులు పుల్లలు తేలుతూ వస్తున్నా, ఎగువ నుంచి మోత వినిపించినా, దిగువకు పరుగెత్తకండి. పక్కకు, గట్టెక్కండి. అవతల ఒడ్డున ఇద్దరు, ఇవతల నలుగురు ఉంటే అట్లాగే ఉండిపోవాలి, దాటి కలవాలని చూడొద్దు. మోకాలి లోతు వేగపు నీరు మనిషిని పడేస్తుంది. ఈ వానలకు వచ్చిన నీళ్లు చాలావరకు కొన్ని గంటల్లో తగ్గిపోతాయి.

మంట: బీడీ, అగ్గిపెట్టె, స్టవ్ ఏదీ వద్దు. పొగ కిందివైపు కనిపిస్తే పైకి ఎక్కి తప్పించుకుందామనే ఆలోచనే చంపేది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపు. పక్కకు తిరిగి, ఆకు లేని రాతి వాగులోకో, ఇప్పటికే కాలిపోయిన నల్ల నేల మీదికో చేరండి. ఈదురుగాలి వస్తే మంట దిక్కు నిమిషాల్లో మారిపోతుంది.

కొండ చరియలకు పెద్ద తేనెపట్టులుంటాయి. పొగ, సెంటు, డ్రోన్ మూడూ నిషిద్ధం. లేచాయంటే మొహం కప్పుకుని చెట్ల గుబురులోంచి పరుగే, చేతులు ఊపడం కాదు.

రాయదుర్గం గాలి:
బట్టల గురించి రెండు ముక్కలు. వదులు నూలు చొక్కా, నిండు చేతులు, తలకు తడి తువ్వాలు. పాత బూట్లు వేసుకోవద్దు, కాలే బండ మీద జిగురు మెత్తబడి అడుగు ఊడొస్తుంది. గుడి ప్రాకారంలో చెప్పులు విప్పాలి కనుక మందం సాక్సులు దగ్గరుంచుకోండి. వాన పడ్డాక గ్రానైట్ మీద దుమ్ము, ఎండిన నాచు కలిసి జారుతుంది, ఆరేదాకా వాలు బండలు దిగకండి.

గుత్తిరోడ్డు:
సరే, ఇట్ల మార్చినాం. గుత్తి మొదటి ఆదివారం, 5:30కి మొదలు, 8:30కి వెనక్కి. తలకు నాలుగు లీటర్లు, అందులో ఒకటి దాచుడు. అహోబిలం అనుమతి దొరికితేనే, లేకుంటే ఎగువ గుడి దాకా. గండికోటకు శనివారం సాయంత్రం పోయి అంచుకు దూరంగా టెంట్ వేసుకుని, పొద్దున్నే చూసుకుని 9కి బయల్దేరుతాం. సరేనా?

పెన్నా_ఒడ్డు:
గుత్తి, అహోబిలం సరిగ్గా ఉన్నాయి. గండికోట టెంట్ మార్చు. ఆ నేల బండ, మీద జానెడు మట్టి. మేకులు దిగవు, దిగినా ఈదురుగాలికి నిలవవు. రాళ్లు కట్టి నిలబెట్టినా టెంట్ స్తంభం విరుగుతుంది. ఆ గాలి వచ్చేది కూడా మీరు టెంట్ వేసే వేళకే, 5 నుంచి 8 మధ్య. జమ్మలమడుగులో గది తీసుకోండి, కోటకు పదిహేను కిలోమీటర్లే. తెల్లవారుజాము 4:45కి బయల్దేరితే వెలుతురు వచ్చే వేళకు లోయ దగ్గరుంటారు. టెంటే కావాలంటే శనివారం మధ్యాహ్నం 2కి ఉపగ్రహ చిత్రం చూసి, పడమట మబ్బు లేస్తే అప్పుడే మానుకోండి, కారు మాత్రం టెంట్ పక్కనే పెట్టుకోండి.

ఓఆర్‌ఎస్ అక్క:
శనివారం రాత్రి మందు పార్టీ ప్లాన్ ఉంటే ఆదివారం కొండ ప్లాన్ తీసేయండి. మందు ఒంట్లో నీళ్లు లాగేస్తుంది, పొద్దున మొదటి మెట్టుకే లీటరు అప్పుతో మొదలుపెట్టినట్టు. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునేవాళ్లు ఆరుగురిలో ఎవరైనా ఉన్నారా? ఉంటే డాక్టర్ని అడిగాకే.

గుత్తిరోడ్డు:
ఒకాయనకు బీపీ ఉంది, ఏం మాత్రో అడిగి రాస్తా. గది బుక్ చేస్తున్నాం.